పెద్దవాళ్ల పనులు వాళ్ల చేతుల్లోనే – 3వ పాఠం: చెయ్యి వేసే ముందు ఆగడం

ఇంట్లో పెద్దవాళ్లకి రోజూ మీరు చేసిపెడుతున్న పనులన్నీ రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం తీయండి. నెమ్మదిగానైనా వాళ్లంతట వాళ్లు చేసుకోగలిగిన వాటికి టిక్కు పెట్టండి. మా నాన్న విషయంలో నేను రాసుకున్నప్పుడు సగానికి పైగా టిక్కులే పడ్డాయి. అవన్నీ నా తొందరకొద్దీ నేను లాక్కున్న పనులే.

జెర్రీ ఏవర్న్, ఎలెన్ లాంగర్ 1982లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. వృద్ధాశ్రమంలో ఉండేవాళ్లకి ముక్కలు పేర్చి బొమ్మ చేసే పజిల్ ఇచ్చారు. కొందరికి చేతిసాయం చేశారు. ఇంకొందరికి మాటలతో ధైర్యం చెప్పారు, అంతే. తర్వాత ఎవరికి వాళ్లు చేయాల్సి వచ్చేసరికి మాటసాయం అందినవాళ్లు మెరుగయ్యారు. చేతిసాయం అందినవాళ్లు మాత్రం మొదట చేసినంత కూడా చేయలేకపోయారు.

ముసలితనం మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త మార్గ్రెట్ బాల్టెస్ గమనించింది ఇంకా గుచ్చుకుంటుంది. పెద్దవాళ్లు సాయం కోసం చూస్తే చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే పలుకుతారు. సొంతంగా చేసుకుంటుంటే ఎవరూ పట్టించుకోరు. అలాంటప్పుడు పక్కన మనిషి కావాలంటే 'నాకు చేతకావట్లేదు' అనడమే దారి అవుతుంది. అందుకే వాళ్లు పని చేసుకుంటున్నప్పుడే దగ్గర కూర్చోండి, కబుర్లు చెప్పండి.

ఈ వారం ఒక్క పని ఎంచుకోండి. చొక్కా గుండీలు అనుకుందాం. వేళ్లు గుండీని పట్టుకుంటాయి, జారుతుంది, మళ్లీ పట్టుకుంటాయి. మీ చెయ్యి దానంతట అదే ముందుకెళ్తుంది. ఆపండి. మనసులో పది లెక్కపెట్టండి. మొదట్లో ఆ పది అంకెలూ చాలా కష్టం. అప్పటికీ కాకపోతే, "కింది గుండీ నుంచి పెట్టి చూడు నాన్నా" అనండి. అదీ కుదరకపోతే గుండీని కాజాలోకి సగం దూర్చి, అవతలి నుంచి లాగడం ఆయనకే వదిలేయండి. పూర్తిగా మీరే పెట్టేయడం ఆఖరి మాట.

పడిపోయే ప్రమాదం ఉన్నచోట మాత్రం పది లెక్కపెట్టొద్దు, వెంటనే పట్టుకోండి. ఒంట్లో బాగోలేని రోజు అడిగిన సాయం చేసేయండి. నిన్నటిదాకా చేసుకున్న పని ఇవాళ హఠాత్తుగా చేయలేకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

ఏ రోజు ఏ మెట్టు దగ్గర పని పూర్తయిందో తేదీ వేసి రాసుకోండి: ఆగితే చాలిందా, మాట కావాల్సి వచ్చిందా, చెయ్యి కలపాల్సి వచ్చిందా. 4వ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.