పదాల జతల ప్రశ్నలకు కూర్చునే ముందు

ఈ ప్రశ్నల్లో ఒక పదాల జత ఇచ్చి, అదే సంబంధం ఉన్న ఇంకో జతను ఆప్షన్లలోంచి ఎంచుకోమంటారు. ఆప్షన్లు చూడకముందే ఇచ్చిన రెండు పదాల సంబంధాన్ని ఒక వాక్యంగా అనుకోండి. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, ముందే ఆప్షన్లు చదివితే ప్రతి జతా సరైనదిలాగే కనిపిస్తుంది.

ఆ వాక్యం వదులుగా ఉండకూడదు. ‘చిరుజల్లు : కుండపోత’ చూసి ‘రెండూ ఒకే రకం’ అనుకుంటే ‘అలక : కినుక’ కూడా సరిపోతుంది, అదే ‘మొదటిది ముదిరితే రెండోది’ అనుకుంటే ‘అలక : ఆగ్రహం’ ఒక్కటే నిలుస్తుంది.

వరుస చూడండి. ‘ఆవు : దూడ’కు ‘కోడిపిల్ల : కోడి’ తప్పు, తల్లి ముందుండాలి.

తెలియని పదం వచ్చిందని టెన్షన్ పడి ప్రశ్న వదిలేయకండి, కుదరని జతలు కొట్టేస్తూ పోతే చాలాసార్లు మిగిలిందే జవాబు. ఆ పదాన్ని మాత్రం అదే రోజు ఒక వాక్యంలో పెట్టి రాసుకోండి, ఉత్త అర్థం రాసుకుంటే నాకైతే వారం కూడా గుర్తుండలేదు.