నల్ల ఎలుగుబంట్లు తిరిగే చోట పిల్లలకు ఏం నేర్పాలి: అమెరికాలోని తెలుగు కుటుంబాల కోసం

అడవిలో ఎలుగుబంటి ఎదురైతే ఒక స్నేహితుడు చెట్టెక్కాడు, రెండోవాడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకున్నాడు, ఎలుగు వాసన చూసి వెళ్ళిపోయింది. ఈ కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు అరుదు. స్నేహం గురించి చెప్పే కథగా అది మంచిదే. అయితే న్యూజెర్సీలోనో, పెన్సిల్వేనియాలోనో, నార్త్ కరోలినా కొండల దగ్గరో, వాషింగ్టన్ రాష్ట్రంలోనో పెరుగుతున్న పిల్లవాడు ఆ కథను నమ్మి అలాగే చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అమెరికా నల్ల ఎలుగుబంటి నిలువు చెట్టును సునాయాసంగా ఎక్కుతుంది కాబట్టి చెట్టు మీద రక్షణ ఉండదు. దాడికి దిగిన నల్ల ఎలుగు ముందు కదలకుండా పడుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. అందువల్ల పాఠం ఇక్కడే మొదలు కావాలి. ఆ కథలోని రెండు ఉపాయాలూ ఇక్కడ పనికిరావని, కథ చెప్పిన పెద్దవాళ్ళే పిల్లలకు స్పష్టంగా చెప్పాలి.

వేసవిలో మనవల దగ్గరికి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు తమకు తెలిసిన ఎలుగుబంటి గురించి చెబుతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలకు వెళ్ళిన మనుషుల మీద ఎలుగులు పడిన సంఘటనలు అక్కడివారికి కొత్త కాదు. అది వేరే జాతి. పులులున్న అడవుల్లో బతుకుతూ వచ్చిన మన ఎలుగుబంటి, మనిషి హఠాత్తుగా ఎదురైతే పారిపోవడం కంటే మీదికి రావడానికే మొగ్గుతుందని వన్యప్రాణి నిపుణులు చెబుతారు. అమెరికా నల్ల ఎలుగు సాధారణంగా తప్పుకుపోవడానికే చూస్తుంది. మన ఊరి భయాన్ని ఉన్నదున్నట్టు పిల్లలకు అందిస్తే, ఆ భయమే వాళ్ళను పరుగెత్తిస్తుంది.

భయం ఎంత ఉండాలో తేల్చుకోవడానికి ఒక లెక్క ఉపయోగపడుతుంది. కెనడా శాస్త్రవేత్త స్టీఫెన్ హెరెరో, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1900 నుంచి 2009 వరకు అమెరికా, కెనడాలలో కలిపి అడవి నల్ల ఎలుగుల వల్ల చనిపోయినవారు 63 మంది. నూట పది సంవత్సరాల కాలానికి, రెండు విశాల దేశాలకు ఇది చాలా చిన్న సంఖ్య. అయితే ఆ మరణాలలో అత్యధిక భాగం మనిషిని ఆహారంగా భావించి వెంబడించిన దాడుల వల్లే జరిగాయని కూడా ఆ అధ్యయనం తేల్చింది. చచ్చినట్టు పడుకోవద్దనడానికి ముఖ్య కారణం ఇదే. అన్నం తినని బిడ్డను “ఎలుగు వచ్చి ఎత్తుకుపోతుంది” అని బెదిరించే అలవాటు ఉంటే, ఎలుగులున్న ప్రాంతంలో దాన్ని పూర్తిగా మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆ బెదిరింపు విన్న బిడ్డ నిజమైన ఎలుగును చూడగానే ఆలోచించడు, పరుగు తీస్తాడు.

శరీరానికి అలవాటు కావలసిన పాఠం

పరుగు ఎందుకు ప్రమాదమో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పవచ్చు. నల్ల ఎలుగు గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు, పారిపోయేదాన్ని తరమాలనే సహజ గుణం దానికి ఉంటుంది. కానీ కారణం తెలిసినంత మాత్రాన కాళ్ళు మాట వినవు. అగ్నిప్రమాదం వస్తే ఏం చేయాలో బడిలో సాధన చేయించినట్టే దీన్నీ చేయించాలి.

పెరట్లో ఒక చివర పెద్ద బొమ్మనో, కుర్చీనో ఎలుగుగా నిలపండి. టెడ్డీ బేర్ అయినా సరే. 1902లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ వేటలో, కట్టేసి ఉంచిన ఒక నల్ల ఎలుగును కాల్చడానికి నిరాకరించడం నుంచే ఆ బొమ్మకు ఆ పేరు వచ్చిందని చెబితే పిల్లలు ఆసక్తిగా వింటారు. బొమ్మను కౌగిలించుకోవచ్చు గానీ బయట కనిపించే ఎలుగు దగ్గరికి, అది ఎంత చిన్నదైనా, వెళ్ళకూడదని అప్పుడే చెప్పడం సులువు. ఇక పిల్లలను ఆడుకోనిచ్చి, మధ్యలో మీరు హఠాత్తుగా “బేర్!” అని అరవండి. చేయవలసినవి వరుసగా ఇవి: ఉన్నచోట ఆగిపోవడం, పక్కనున్న పిల్లల దగ్గరికి నడిచి ఒక గుంపుగా చేరడం, ఎలుగు వైపు చూస్తూనే నెమ్మదిగా వెనక్కి గానీ పక్కకు గానీ అడుగులు వేయడం, మామూలు గొంతుతో మాట్లాడుతూ ఉండడం, తలుపు దాకా చేరి లోపలికి వెళ్ళి పెద్దవాళ్ళకు చెప్పడం. వెనక్కి నడవడం చిన్నపిల్లలకు కష్టం, తడబడి పడతారు. అందుకని పక్కకు అడుగులు వేయడమే ముందు నేర్పండి. చూపు దాని మీదే ఉండాలి గానీ, కళ్ళలోకి గుచ్చి చూడనక్కరలేదు.

ఎలుగుతో ఏ భాషలో మాట్లాడినా ఒకటే. ఆ గొంతు మనిషిదని దానికి తెలిస్తే చాలు. కానీ సహాయం కోసం పిలిచేటప్పుడు “బేర్” అనే మాటే వాడాలని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, ఎందుకంటే పక్కింటి వారికీ, తాతయ్యకూ ఇద్దరికీ అర్థమయ్యే మాట అదొక్కటే.

నాలుగైదేళ్ళ పిల్లలకు ఆగడం, అరవకుండా పెద్దవాళ్ళ దగ్గరికి నడవడం నేర్పితే చాలు. అంత చిన్నపిల్లలు వెంట ఉన్నప్పుడు పెద్దవాళ్ళు చేయవలసిన మొదటి పని బిడ్డను ఎత్తుకోవడం. ఏడెనిమిదేళ్ళు దాటినవారికి ఎలుగు సంకేతాలు కూడా చెప్పవచ్చు. వెనక కాళ్ళ మీద నిలబడితే అది కోపం కాదు, ఎదురుగా ఉన్నదేమిటో చూడడానికి, వాసన పట్టడానికి లేచిందని అర్థం. బుసకొట్టినట్టు గట్టిగా ఊపిరి వదలడం, పళ్ళు టకటకలాడించడం, పంజాతో నేలను కొట్టడం, నాలుగడుగులు ముందుకు దూకి ఆగిపోవడం, ఇవన్నీ “చాలా దగ్గరికి వచ్చారు, వెళ్ళండి” అని అది ఇచ్చే హెచ్చరికలు. అప్పుడు కూడా పరుగెత్తకుండా దూరం పెంచుకుంటూ పోవాలి. అది పారిపోవడానికి దారి వదలాలి. కంచెకూ గోడకూ మధ్య ఇరుక్కున్న జంతువు ఏమైనా చేయవచ్చు.

హెచ్చరికలు ఏవీ లేకుండా, చప్పుడు చేయకుండా, మన మీదే దృష్టి పెట్టి వెంట వస్తున్న ఎలుగు సంగతి వేరు. దాన్ని చూస్తే వెనక్కి తగ్గుతూ ఊరుకోకూడదు. గుంపుగా నిలబడి చేతులు పైకెత్తి పెద్దగా కనిపించాలి, అరవాలి, చప్పట్లు కొట్టాలి, రాళ్ళు, కర్రలు విసరాలి. మీద పడితే పడుకోకుండా ముక్కు మీద, కళ్ళ మీద చేతికందిన దానితో కొట్టాలి. ఈ చివరి మాటను పదేళ్ళు దాటిన పిల్లలకు దాచకుండా, నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు చెప్పాలి. అంతకంటే చిన్నవారికి దాన్ని వివరించడం వల్ల భయం పెరగడమే తప్ప ప్రయోజనం ఉండదు.

ఎల్లోస్టోన్, గ్లేసియర్ వంటి పడమటి జాతీయ ఉద్యానవనాలకు వెళ్ళేవారు ఒక తేడా గమనించాలి. అక్కడ భుజం మీద మూపురం ఉండే గ్రిజ్లీ ఎలుగులూ ఉంటాయి, వాటి విషయంలో సూచనలు వేరుగా ఉంటాయి. రంగును బట్టి పోల్చుకోవద్దు, పడమటి రాష్ట్రాలలో చాలా నల్ల ఎలుగులు గోధుమరంగులో ఉంటాయి. అటువంటి ప్రయాణానికి ముందు అక్కడి రేంజర్లు చెప్పేది పిల్లలతో కలిసి వినండి.

ఇంటి చుట్టూ పెద్దవాళ్ళ బాధ్యత

పిల్లలకు ఎంత నేర్పినా, ఎలుగును ఇంటికి పిలిచేది మన చెత్త డబ్బానే. న్యూజెర్సీలోని 21 కౌంటీలన్నిటిలోనూ ఎలుగులు కనిపించాయి. అక్కడ తెలిసి తెలిసి ఎలుగుకు తిండి పెట్టడం చట్టరీత్యా నేరం, జరిమానా 1,000 డాలర్ల దాకా ఉండవచ్చు. దాని ముక్కు ఒక మైలు దూరం నుంచి కూడా తిండి వాసన పట్టగలదు. చలికాలానికి ముందు అది రోజుకు 20 గంటల దాకా తింటూ 20,000 కేలరీలు సంపాదించుకోవాలని చూస్తుంది. ఒకసారి సులభంగా తిండి దొరికిన చోటికి మళ్ళీ వస్తుంది, ఆ తర్వాత మనుషులంటే జంకు తగ్గుతుంది.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మిగిలిన అన్నాన్ని కాకులకో, పిచ్చుకలకో అని పెరటి గట్టు మీద పెట్టడం ఊరి నుంచి వచ్చిన పెద్దలకు పుణ్యకార్యం. ఎందుకు వద్దంటున్నారో వారికి గౌరవంగా, ముందుగానే చెప్పాలి. పూజ తర్వాత కొబ్బరి చిప్పలు, పండ్లు తులసికోట దగ్గర వదిలేయకూడదు. గ్యారేజీలో పెట్టిన పొయ్యి మీద వేపుళ్ళు, పులుసులు వండేవారు వంట అయ్యాక నూనె గిన్నెలు అక్కడే వదిలి తలుపు తెరిచి ఉంచకూడదు. మామిడి తొక్కలు, టెంకలు, చేపల వ్యర్థాలు చెత్త తీసుకెళ్ళే రోజు ఉదయమే బయటికి రావాలి, ముందురోజు రాత్రి కాదు. గ్రిల్‌ను వాడగానే శుభ్రం చేయాలి. ఎలుగులు తిరిగే నెలల్లో బర్డ్ ఫీడర్లు దించేయాలి. కారులో చిరుతిళ్ళు వదలకండి, తాళం వేయని కారు తలుపును ఎలుగు పంజాతో తెరవగలదు.

వీటిలో కొన్నిటిని పిల్లలకే అప్పగించడం మంచిది. బడి సంచిలోంచి సగం తిన్న అరటిపండు తీయడం, కారు సీటు కింద చిప్స్ సంచులు ఏరడం, చెత్త డబ్బా మూత బిగిసిందో లేదో చూడడం ఏడేళ్ళ పిల్లలు చక్కగా చేస్తారు. ఉదయం బడికి బయలుదేరేటప్పుడు కిటికీలోంచి పెరడు, దారి చూశాకే తలుపు తీయడం కూడా అలవాటు చేయాలి. ఎలుగు కనిపిస్తే బస్సు తప్పినా పరవాలేదని, ఎవరూ కోప్పడరని ముందే మాట ఇవ్వండి.

ఎలుగు పెరట్లో చెట్టెక్కి కూర్చుంటే దాన్ని దించడానికి ప్రయత్నించకూడదు. అందరూ లోపలికి వెళ్ళాలి, కుక్కను కూడా తీసుకెళ్ళాలి. జనం లేకుండా నిశ్శబ్దం కుదిరాక, చాలాసార్లు చీకటి పడ్డాక, అది తానే దిగి వెళ్ళిపోతుంది. చెట్టు మీద పిల్ల ఒక్కటే కనిపిస్తే తల్లి దగ్గరలోనే ఉందని అనుకోవాలి. ప్రమాదం తోచినప్పుడు తల్లి పిల్లలను చెట్టెక్కిస్తుంది. జనవరి ప్రాంతంలో పుట్టిన కూనలు వసంతంలో బయటికి వస్తాయి, మరుసటి వేసవి దాకా తల్లితోనే ఉంటాయి.

కొండదారుల్లో

నడకకు వెళ్ళినప్పుడు ఉత్సాహం ఆపుకోలేక పిల్లలు ముందుకు పరుగెత్తడమే అసలు ఇబ్బంది. ముందు ఒక పెద్దవారు, వెనక ఒక పెద్దవారు, మధ్యలో పిల్లలు ఉండాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. మలుపుల దగ్గర, వాగు చప్పుడు ఎక్కువగా ఉన్నచోట గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. అంత్యాక్షరి ఆడుకుంటే ఇంకా మంచిది. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో ఎలుగుకు కనీసం 50 గజాలు, ఎల్లోస్టోన్‌లో 100 గజాలు దూరం ఉండాలన్నది నిబంధన. పిల్లలకు గజాల అంచనా తెలియదు కాబట్టి బొటనవేలు ఉపాయం చెప్పండి: చేయి బారుగా చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు నిలబెడితే ఎలుగు మొత్తం దాని వెనక దాగాలి. దాగకపోతే ఇంకా వెనక్కి జరగాలి.

ఫోటో కోసం ఆగడం పెద్దలు చేసే తప్పు, పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. 2014 సెప్టెంబరులో న్యూజెర్సీలోని వెస్ట్ మిల్‌ఫోర్డ్ దగ్గర అడవిలో నడకకు వెళ్ళిన యువకుల బృందం వెంట ఎలుగు పడింది. వారు తలోదిక్కుకు పరుగెత్తారు, ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ రాష్ట్రంలో నమోదైన మొదటి ఎలుగుదాడి మరణం అదే. వారు ఎలుగును చూసి ఫోటోలు తీసుకున్నారని దర్యాప్తులో తెలిసింది. ఆ కుటుంబ దుఃఖాన్ని తలచుకుంటూనే, విడిపోకుండా గుంపుగా ఉండడం ఎంత అవసరమో పెద్ద పిల్లలకు ఈ సంఘటన ద్వారా వివరించవచ్చు.

చివరగా ఫోన్ సంగతి. ఎలుగు ఇంట్లో దూరినా, మనిషిని వెంబడించినా వెంటనే 911. మామూలుగా కనిపించి, చెత్త డబ్బాలు తెరుస్తూ ఉంటే న్యూజెర్సీలో పర్యావరణ శాఖ నంబరు 1-877-927-6337కు చెప్పాలి, ఇతర రాష్ట్రాలవారు తమ వన్యప్రాణి శాఖ నంబరు తెలుసుకొని ఫ్రిజ్ మీద అంటించాలి. పిల్లలు తమ ఇంటి చిరునామా, ఎలుగు ఎక్కడ ఉంది, ఎటు వెళుతోంది అనే మూడు సంగతులు తొణకకుండా చెప్పగలిగేలా ఫోన్ చేతికిచ్చి సాధన చేయించండి. ఆ తర్వాత పక్కింటివారికి ఒక సందేశం పంపాలి, వారి పిల్లలు కూడా అదే సమయంలో పెరట్లో ఆడుకుంటూ ఉండవచ్చు.