పగలు పరిగెత్తుకొచ్చే పిల్లలు రాత్రి డ్రిల్‌లో ఎందుకు రారు?

సమస్య: ఇంట్లో మంటలు లేస్తే బయటపడడం నేర్పే ఫైర్ డ్రిల్‌లో, పగలు "మంటలు!" అనగానే పిల్లలే ముందు గుమ్మం దాటతారు. రాత్రి లైట్లు ఆర్పి అదే పని చేయిస్తే ఒకరు తగ్గుతారు, లేదా అందరూ గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

గుమ్మం దగ్గర ఆగిపోతే తాళం చూడండి. బయటపడే దారి ప్లాన్ గీసి గోడకు అంటిస్తారు కానీ దీన్ని మాత్రం చూడరు, ఎన్ని ఇళ్లలో చెప్పానో! గ్రిల్ తలుపుకు రాత్రి లోపల తాళం వేసి, తాళంచెవి దేవుడి గదిలోనో నాన్న ప్యాంటు జేబులోనో పెడతారు. పగటి డ్రిల్‌లో గ్రిల్ తెరిచే ఉంటుంది కాబట్టి ఎవరికీ తట్టదు. తాళంచెవి తలుపు పక్క మేకుకే ఉండాలి. తాళం బదులు చేత్తో తీసే గడియ అయితే ఇంకా మంచిది.

ఒకరు తగ్గితే, ఆ పిల్లాడు దాక్కున్నాడు. నన్ను ఎక్కువ భయపెట్టిన కారణం ఇదే. మా నాలుగేళ్ల చిన్నోణ్ణి మంచం పక్కనే నిలబడి మూడుసార్లు పిలిచాను, పలకలేదు. మంచం కిందే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. "అరుస్తున్నావుగా, తిడతావనుకున్నా" అన్నాడు. అగ్గిపెట్టె ముట్టుకుంటే తిట్లు తిన్న పిల్లలకు మంట అంటే ముందు గుర్తొచ్చేది తిట్లే. భయం వేస్తే కనపడని చోటికి దూరతారు. పొగలో వెతికే మనకు దొరకరు.

అందుకే డ్రిల్‌లో కేకలు వద్దు. రోజూ పిలిచే గొంతుతోనే, కాస్త గట్టిగా, ఒకటే మాట: "బయటికి రా నాన్నా, తిట్టను." జవాబుగా "ఇక్కడున్నా" అనడం అలవాటు చేయండి. కావాలనే మంచం కింద, బీరువా పక్కన దాక్కోమని, పిలవగానే పలికి పాక్కుంటూ వచ్చేలా ఆడించండి. పొగ పైకి పోతుంది, నేల దగ్గరే గాలి కాస్త బాగుంటుంది. ఏ బిడ్డను ఎవరు తేవాలో ముందే అనుకోండి. మాస్కు పెట్టుకున్న ఫైర్ సిబ్బంది ఫొటో చూపించండి, లేకపోతే ఆయన్ని చూసి కూడా దాక్కుంటారు.

చీకటికి జంకడం, చెప్పులు వెతుక్కోవడం లాంటివి రెండు మూడు డ్రిల్స్‌లో పోతాయి.

మెట్లదారే పొగతో నిండితే? 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ ప్రాంతంలో ఓ ఇంటికి మంటలంటుకుని 17 మంది పోయారు, వారిలో 8 మంది పిల్లలు. ఆ ఇంటికి ఉన్నది ఒక్క ఇరుకు మెట్లదారే. అలాంటప్పుడు పొగలోకి దిగకండి. కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి తలుపు మూసి, కింది సందులో తడి దుప్పటి కుక్కి, 101కి ఫోన్ చేసి, కిటికీ దగ్గర కనపడేలా నిలబడండి. దీన్ని కూడా ఒక రాత్రి పిల్లలతో చేయించండి.