బటన్ నొక్కినా కంప్యూటర్ లేవడం లేదా? విడిభాగం కొనేముందు మదర్‌బోర్డును కేబినెట్ నుంచి బయటికి తీసి చూడండి

ఇంట్లో స్వయంగా కూర్చుకున్న కంప్యూటర్ ఆన్ కావడం లేదని ఎవరు చెప్పినా, నేను ముందు అడిగేది పవర్ సప్లై (గోడ కరెంటును లోపలి భాగాలకు అందించే డబ్బా) వెనక ఉండే చిన్న స్విచ్ గురించే. నిలువు గీత ఉన్న వైపు నొక్కి ఉంటే కరెంటు వస్తుంది, సున్న వైపు నొక్కి ఉంటే రాదు. ‘అది ఎప్పుడో చూశాను’ అంటారు. మళ్లీ చూడమంటాను. పవర్ సప్లై చెడిపోయిందని తీర్మానించుకుని, కొత్తది కొనడానికి సిద్ధమైనవారి దగ్గర ఆ స్విచ్ సున్న మీదే ఉండటం నేను చాలాసార్లు చూశాను. దయచేసి దీన్ని దాటవేయకండి. అదే సాకెట్‌లో ఫోను ఛార్జర్ పెట్టి కరెంటు ఉందో లేదో చూడండి. పవర్ సప్లైకి వెళ్లే తీగ మీద అనుమానం ఉంటే మానిటర్ కరెంటు తీగ తీసి పెట్టండి, చాలా మానిటర్లకు వచ్చేది అదే రకం.

ఇంకో మాట. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ తెర మీద బొమ్మ రావడం లేదంటే అది వేరే సమస్య. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ తీగ పెట్టిన చోటు అక్కడ చూడాలి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త బోర్డులు మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, ఆ సమయంలో కంగారుపడి ఆపేయకూడదు. ఈ వ్యాసం అసలు లేవని యంత్రం గురించి.

లక్షణం: ఏ చలనమూ లేదు

మదర్‌బోర్డు మీద చిన్న దీపం ఏదైనా వెలుగుతోందా చూడండి. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు కూడా పవర్ సప్లై నుంచి బోర్డుకు 5 వోల్టులు అందుతూనే ఉంటాయి. దీపం వెలిగిందంటే గోడ సాకెట్, తీగ, వెనక స్విచ్ బాగానే ఉన్నట్టు. అన్ని బోర్డులకూ అలాంటి దీపం ఉండదు కాబట్టి, వెలగనంత మాత్రాన తప్పు దొరికినట్టు కాదు.

తర్వాత పవర్ సప్లై నుంచి బోర్డుకు వచ్చే 24 పిన్నుల కనెక్టర్. చూపుకు కూర్చున్నట్టే ఉంటుంది, ఒక చివర పిసరంత పైకి లేచి ఉంటుంది. దాని గొళ్లెం బోర్డు కొక్కేన్ని పట్టుకునేదాకా గట్టిగా నొక్కండి. ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కనెక్టర్‌కూ ఇదే వర్తిస్తుంది. దాన్ని మరిచిపోతే చాలా బోర్డుల్లో ఫ్యాన్లు తిరుగుతాయి కానీ కంప్యూటర్ మొదలవదు, కొన్ని ఆగి ఆగి ఆన్ అవుతుంటాయి. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నుల తీగ చూడటానికి దీనిలాగే ఉంటుంది, కానీ అందులో 12 వోల్టులు, గ్రౌండు తారుమారుగా ఉంటాయి. ఎక్కకపోతే బలవంతం చేయవద్దు.

రెండూ సరిగ్గా ఉంటే బటన్‌ను అనుమానించాలి. కేబినెట్ బటన్ నుంచి వచ్చే సన్నటి రెండు తీగలు బోర్డు మూల ఉండే పిన్నుల మీద కూర్చోవాలి. చాలా బోర్డుల్లో అవి 6, 8 నంబరు పిన్నులు. అయినా బోర్డు పుస్తకంలోని బొమ్మ చూసి నిర్ధారించుకోండి. ఆ తీగలు ఊడదీసి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ లేచిందంటే తప్పు బటన్‌దో దాని తీగదో. ఈ పరీక్షకు అర నిమిషం చాలు, అయినా దీన్ని చేయకుండానే బోర్డు మార్చేవారున్నారు.

లక్షణం: లేచిన నాలుగైదు సెకన్లకు ఆగిపోతోంది

బటన్ లోపలే ఇరుక్కుని ఉండవచ్చు. బటన్‌ను 4 సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డు కంప్యూటర్‌ను ఆపేస్తుంది. ఇరుక్కున్న బటన్ చేసేదీ అదే. బటన్ తీగలు తీసి, స్క్రూడ్రైవర్‌తో లేపి చూస్తే తేలిపోతుంది.

లక్షణం: ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోయింది, ఆ తర్వాత ఎంత నొక్కినా ఉలకదు, పలకదు

నన్ను దారుణంగా దెబ్బతీసింది ఇదే. చిన్న మైక్రో ఏటీఎక్స్ బోర్డు తీసేసి, అదే కేబినెట్‌లో పూర్తి సైజు ఏటీఎక్స్ బోర్డు బిగించాను. బటన్ నొక్కితే ఫ్యాన్ రెక్కలు పావు చుట్టు తిరిగి ఆగాయి. ఆపైన చలనం లేదు. పవర్ సప్లై పోయిందనుకుని కొత్తది కొన్నాను. అదే వరస. బోర్డు లోపమనుకుని అది కూడా మార్పించాను. మళ్లీ అదే వరస. మూడో రోజు విసిగిపోయి బోర్డును బయటికి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టి పిన్నులు కలిపితే మొదటిసారికే లేచింది. అప్పుడు కేబినెట్ లోపలి రేకు వైపు చూశాను. పాత చిన్న బోర్డు కోసం బిగించిన ఇత్తడి స్టాండాఫ్ (బోర్డు రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న స్తంభం) ఒకటి అక్కడే మిగిలిపోయి ఉంది. కొత్త బోర్డులో ఆ చోట రంధ్రం లేదు. స్టాండాఫ్ తల సరిగ్గా బోర్డు వెనక ఉన్న టంకం చుక్కల మీద ఆనుతోంది.

జరిగేది ఇది. స్టాండాఫ్ రేకుకు తగిలి ఉంటుంది, రేకు గ్రౌండుకు. టంకం చుక్కల్లో ఏదో ఒకటి 12 వోల్టులదో, 5 వోల్టులదో అయితే షార్ట్ అవుతుంది. పవర్ సప్లై దాన్ని గుర్తించి వెంటనే తనను తాను ఆపేసుకుంటుంది. ఆ రక్షణ చాలా పవర్ సప్లైలలో తాళం వేసినట్టు పడిపోతుంది. వెనక స్విచ్ ఆపి, లోపలి కరెంటు దిగిపోయేదాకా ఆగితే తప్ప తిరిగి స్పందించదు. అందుకే అది చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ‘ఏ చలనమూ లేదు’ అని నా దగ్గరికి వచ్చిన యంత్రాల్లో కొన్ని నిజానికి ఈ కోవకు చెందినవే, మొదటి నొక్కుకు కదిలిన ఫ్యాన్‌ను ఎవరూ చూడలేదు. కాబట్టి స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేసి, ఫ్యాన్ మీదే కళ్లు పెట్టి ఒక్కసారి బటన్ నొక్కండి.

ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 × 244. పై భాగంలోని రంధ్రాలు రెండింటికీ చాలావరకు ఉమ్మడివే. చిన్న బోర్డు కింది అంచు కోసం పెట్టిన స్టాండాఫ్‌లే పెద్ద బోర్డు నడుము కింద పడతాయి. సాధారణంగా పూర్తి వెడల్పు ఏటీఎక్స్ బోర్డుకు 9 రంధ్రాలుంటాయి, వెడల్పు తక్కువైన వాటికి 6. ఈ అంకెలను నమ్ముకోవద్దు, మీ బోర్డు రంధ్రాలు మీరే లెక్కపెట్టండి. తర్వాత బోర్డు కప్పే మేరలో రేకు మీదున్న స్టాండాఫ్‌లు లెక్కపెట్టండి. రెండు లెక్కలూ సమానంగా ఉండాలి, ప్రతి స్టాండాఫ్ ఏదో ఒక రంధ్రం కిందే ఉండాలి. ఒకటి ఎక్కువుంటే విప్పేయండి. ఒకటి తక్కువుంటే అక్కడ బోర్డు వంగి రేకుకు తగలవచ్చు, అదీ పెట్టండి. రంధ్రం చుట్టూ ఉండే లోహపు వలయం స్టాండాఫ్‌కు తగలాలనే ఉంచారు, దానికి కాగితపు వాషర్లు అక్కర్లేదు.

బయట పెట్టి చూసేటప్పుడు బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టండి, అది వచ్చిన వెండి రంగు సంచి మీద కాదు. కొన్ని సంచుల పై పొర కరెంటును పారనిస్తుంది. ప్రాసెసర్, దాని కూలర్, ఒక్క ర్యామ్, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు, పవర్ సప్లై, ఇంతే ఉంచండి. లేచిందంటే దోషం కేబినెట్ లోపలే ఉంది. స్టాండాఫ్‌లు సరిపోతే బోర్డు వెనకకు జారిపడిన స్క్రూ కోసం వెతకండి. బోర్డు వెనక తీగలు పెట్టే రంధ్రాల చుట్టూ వచ్చే రేకు పలకకు ఉండే వంపు రెక్క ఏదైనా యూఎస్‌బీ రంధ్రంలోకి దూరిందేమో కూడా టార్చి వేసి చూడండి. ఆ రెక్క వల్ల ఆగిపోయిన యంత్రాన్ని కూడా బాగుచేశాను.

బయట కూడా లేవకపోతే

అప్పుడు పవర్ సప్లైని విడిగా పరీక్షించాలి. దాని తీగలన్నీ బోర్డు నుంచి తీసేసి, వెనక స్విచ్ ఆపి ఉంచి, 24 పిన్నుల కనెక్టర్‌లో 16, 17 నంబరు రంధ్రాలను పేపర్ క్లిప్‌తో కలిపి, ఆపైన స్విచ్ వేయండి. రంగు తీగలున్న వాటిలో 16 ఆకుపచ్చది, 17 నల్లది. కొన్ని పవర్ సప్లైల ఫ్యాన్ భారం లేనిదే తిరగదు కాబట్టి ఏదైనా పాత డిస్కునో ఫ్యాన్‌నో తగిలించండి. ఏదీ తిరగకపోతే పవర్ సప్లై మార్చాలి. మార్చేటప్పుడు పాత దాని ఊడే తీగలను కొత్తదానికి వాడకండి. కనెక్టర్ సరిపోయినా లోపలి పిన్నుల అమరిక వేరుగా ఉండవచ్చు, డిస్కులు కాలిపోతాయి. పవర్ సప్లై డబ్బాను మాత్రం తెరవకండి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన కరెంటు నిలిచి ఉంటుంది.

పవర్ సప్లై బాగుండి, బయట పెట్టినా లేవకపోతే బోర్డు మీద అనుమానపడవచ్చు. చచ్చిపోయిన ప్రాసెసర్ చాలా అరుదు. 3 వోల్టుల గుండ్రటి బ్యాటరీ అయిపోవడం వల్ల లేవని బోర్డులు ఉన్నాయి కానీ తక్కువ, మార్చి చూస్తే నష్టం లేదు.