రాత్రి పూట రెటినాయిడ్ క్రీమ్: మొదటి మూడు నెలలు నిదానంగా ఎలా నడపాలి

మొటిమలకు, మచ్చలకు రాసే క్రీమ్ ఇది. "రెటినాయిడ్ రాస్తే ముఖం కాలిపోయింది" అనే వాళ్లను ఎలా వాడారో అడిగి చూడండి. చాలామంది మొదటి రోజు నుంచే రోజూ రాసి ఉంటారు, లేదా మొటిమ మీద మందంగా పూసి ఉంటారు. నేనూ అదే చేశాను. త్వరగా తగ్గాలన్న ఆత్రంతో మొదటి వారం ఒక్క రాత్రి కూడా మానలేదు. అయిదో రోజుకల్లా ముక్కు పక్కల, పెదవుల మూలల్లో చర్మం పొట్టు లేచింది. చన్నీళ్లు తగిలినా మంటే. ఆ మంట వారంలో తగ్గింది గానీ, అది వదిలి వెళ్లిన గోధుమరంగు మచ్చలు పోవడానికి నెలలు పట్టింది. మచ్చలు తగ్గించుకోవడానికి తెచ్చుకున్న క్రీమే కొత్త మచ్చలు పెట్టిందని చాలా బాధపడ్డాను.

చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మన చర్మంలో ఎక్కడ మంట, వాపు వచ్చినా అక్కడ రంగు చేరుతుంది. అందుకే ఈ మందును నెమ్మదిగా అలవాటు చేయడం చికిత్సలో సగం పని.

అసలు ఇది ఏం చేస్తుందో తెలిస్తే ఓపిక పట్టడం తేలికవుతుంది. రెటినాయిడ్లు విటమిన్ ఏ కుటుంబానికి చెందిన మందులు. మొటిమ బయటికి కనిపించడానికి చాలా రోజుల ముందే, రంధ్రం లోపల రాలిపోవాల్సిన కణాలు ఒకదానికొకటి అంటుకుని, నూనెతో కలిసి చిన్న బిరడాలా తయారవుతాయి. రెటినాయిడ్ ఆ కణాలు అంటుకోకుండా, సక్రమంగా రాలిపోయేలా చేస్తుంది. చర్మం త్వరగా కొత్తబడటం వల్ల మచ్చల రంగు కూడా క్రమంగా పలచబడుతుంది. అంటే ఇది రేపు రాబోయే మొటిమకు మందు. ఉన్న మొటిమ మీద చుక్క పెడితే పెద్దగా లాభం లేదు, మొటిమలు వచ్చే ప్రాంతమంతా పలచగా రాయాలి. మొటిమల్లో తేడా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మచ్చలకైతే ఇంకా ఎక్కువ, కొందరికి ఆరు నెలలు దాటుతుంది.

ముందుగా ట్యూబ్ మీద పేరు చదవండి. రెటినాయిడ్లలో ట్రెటినాయిన్ 0.025, 0.05, 0.1 శాతాల్లో వస్తుంది. అడాపలీన్ 0.1, 0.3 శాతాల్లో ఉంటుంది. రెండు వేర్వేరు మందుల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చకండి. అడాపలీన్ 0.1 సాధారణంగా ట్రెటినాయిన్ కంటే తక్కువ మంట పుట్టిస్తుంది, కొత్తవాళ్లకు అది మంచి మొదలు. కాస్మెటిక్ సీరమ్‌లలో ఉండే రెటినాల్ వీటికంటే బలహీనం, అది చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లు మారితే గానీ పనిచేయదు. ఏది వాడినా తక్కువ శాతంతోనే మొదలుపెట్టండి.

అదే ట్యూబ్ మీద ట్రెటినాయిన్‌తో పాటు హైడ్రోక్వినోన్ (రంగు తగ్గించే మందు), మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్ లాంటి పేర్లు కూడా ఉన్నాయా? అయితే అది వేరే మందు. మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్, బెటామెథాసోన్, క్లోబెటసోల్ ఇవన్నీ స్టెరాయిడ్లు. మంగు మచ్చలకు డాక్టర్లు ఇలాంటి మూడు మందుల క్రీమ్‌ను కొన్ని వారాలకు మాత్రమే రాస్తారు. వాడిన మొదటి పది రోజుల్లో ముఖం మెరుస్తుంది, మంట కూడా తెలియదు. అందుకే ఆపబుద్ధి కాదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రని నరాలు తేలుతాయి, మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి, ముఖం మీద వెంట్రుకలు కూడా పెరగొచ్చు. మానేస్తే ముఖమంతా భగ్గుమంటుంది. ఎవరో తెల్లబడ్డారని అదే ట్యూబ్ కొనుక్కోకండి, దయచేసి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే సొంతంగా ఆపకుండా చర్మ డాక్టర్‌కి చూపించండి.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు రెటినాయిడ్ క్రీములు మొదలుపెట్టకూడదు. టాజరోటీన్ అనే రెటినాయిడ్ అయితే అసలు ముట్టుకోకూడదు. వాడుతుండగా గర్భం అని తెలిస్తే వెంటనే ఆపేసి డాక్టర్‌కి చెప్పండి. క్రీమ్ నుంచి ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ కాబట్టి భయంతో టెన్షన్ పడిపోవద్దు. మింగే ఐసోట్రెటినాయిన్ మాత్రల విషయం వేరు, వాటివల్ల బిడ్డకు తీవ్రమైన అవకరాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నాకే రాయాలి. ముఖం మీద ఎగ్జిమా, ఎండకు కమిలిన చర్మం, మానని గాయం ఉన్నా అది తగ్గేదాకా ఆగాలి.

ఇక రాసే పద్ధతి. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులే, ఉదాహరణకు సోమవారం, గురువారం. ఇబ్బంది లేకపోతే తర్వాతి రెండు మూడు వారాలు రాత్రి మార్చి రాత్రి. అదీ పడితే అప్పుడు రోజూ. కొందరి చర్మం రోజు మార్చి రోజు దగ్గరే ఆగిపోతుంది, అక్కడే ఉండిపోయినా ఫలితం వస్తుంది. ఒక రాత్రి మరిచిపోతే మర్నాడు రెట్టింపు రాయొద్దు.

మెత్తని ఫేస్‌వాష్‌తో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. చర్మం పూర్తిగా ఆరాలి. తడి మీద రాస్తే మందు ఎక్కువగా లోపలికి దిగి మంట పెరుగుతుంది. కడిగాక ఇరవై నిమిషాలు ఆగమనేది అందుకే. ముక్కు పక్క మడతలకు, పెదవుల మూలలకు, కళ్ల చుట్టూ కాస్త వాసెలిన్ రాయండి, మందు జారి చేరేది అక్కడికే. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత క్రీమ్ చాలు. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచండి. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు, ఎక్కువ పొట్టు లేస్తుంది అంతే. పొడి చర్మం, సున్నితమైన చర్మం ఉన్నవాళ్లు ముందు మాయిశ్చరైజర్, దాని మీద రెటినాయిడ్, మళ్లీ మాయిశ్చరైజర్ రాసుకుంటే చాలా హాయిగా ఉంటుంది. మొదటిసారి నేను ఇలా చేసి ఉంటే నాకు ఆ మచ్చలు వచ్చేవే కావు.

ఈ నెలల్లో స్క్రబ్, గ్లైకాలిక్, సాలిసిలిక్ యాసిడ్లు, స్పిరిట్ వాసన వచ్చే టోనర్, బ్లీచ్ అన్నీ పక్కన పెట్టండి. డాక్టర్ బెంజాయిల్ పెరాక్సైడ్ (మొటిమలకు రాసే మరో మందు) కూడా ఇచ్చి ఉంటే రెండూ ఎప్పుడెప్పుడు రాయాలో అడగండి. చాలా ట్రెటినాయిన్ క్రీములను అది పాడుచేస్తుంది కాబట్టి ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అని విడదీస్తారు. ముఖానికి వ్యాక్సింగ్ చేయించాలంటే కనీసం వారం ముందే క్రీమ్ ఆపాలి, లేదంటే వెంట్రుకతో పాటు పై చర్మం కూడా ఊడి వస్తుంది. పెళ్లి, ఇంటర్వ్యూ లాంటివి నెలలోపు ఉంటే అవి అయ్యాకే మొదలుపెట్టడం మంచిది.

పగలు సన్‌స్క్రీన్ రాసే ఉద్దేశం లేకపోతే రాత్రి ఈ క్రీమ్ రాయకండి. ఇది నా గట్టి అభిప్రాయం. కొత్త చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, రాత్రంతా పలచబడిన మచ్చను పగటి ఎండ మళ్లీ నల్లగా చేస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది, ముఖానికి మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకున్నంత రాయాలి. ఎండలో తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ ఇంకా మేలు, మామూలు వెలుతురు వల్ల పెరిగే నలుపును కూడా అది అడ్డుకుంటుంది.

మొదటి కొన్ని వారాల్లో మొటిమలు పెరిగినట్టు అనిపించొచ్చు. లోపల దాగి ఉన్న బిరడాలు ఒక్కసారిగా పైకి రావడం అది. మీకు ఎప్పుడూ వచ్చే చోటే వచ్చి, ఆరేడు వారాల్లో సర్దుకుంటే కంగారు లేదు. కొద్దిగా పొడిబారడం, సన్నగా పొట్టు రాలడం కూడా మామూలే. ముఖం కడిగితేనే మంట, గంటల తరబడి ఎరుపు ఉంటే మాత్రం చర్మం ఆగమంటోందని అర్థం. మంట పూర్తిగా పోయేదాకా క్రీమ్ ఆపి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే రాసి, తర్వాత వారానికి ఒక రాత్రితో మళ్లీ మొదలుపెట్టండి. లేచిన పొట్టును గిల్లకండి. కనురెప్పలు వాచినా, రసి కారినా, పొక్కులు లేచినా ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

మొదలుపెట్టే రోజు పొద్దున కిటికీ దగ్గర నిలబడి ముఖం మూడు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత నెలకోసారి అదే కిటికీ, అదే వేళ. రోజూ అద్దంలో చూసుకునే మనకు మార్పు తెలియదు, ఫోటోల్లో తెలుస్తుంది. 12 వారాలు క్రమం తప్పకుండా వాడినా మూడో నెల ఫోటోలో తేడా ఏమీ లేకపోతే ఆ ఫోటోలు తీసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. తేడా కనిపించిందని మాత్రం ట్యూబ్ పక్కన పడేయకండి, మొటిమలు తిరిగి రాకుండా ఎన్నాళ్లు, వారానికి ఎన్ని రాత్రులు కొనసాగించాలో అడిగి రాసుకోండి.