యూనియన్ వల్ల జీతం పెరిగిందా? పే స్లిప్పులతో తేల్చే పద్ధతి

మస్టర్ (హాజరు పట్టీ) క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి, కాలేజీ ప్రాజెక్టుల పిల్లలు లెక్కల కోసం మా ఇంటికి వస్తుంటారు. అందరూ మొదట ఒకే పని చేస్తారు. యూనియన్ సభ్యుల జీతాలు ఒక వరుసలో, సభ్యులు కానివారివి మరో వరుసలో రాస్తారు. సింగరేణి బొగ్గు గనుల్లో ఈ పద్ధతి పనికిరాదు. బొగ్గు కంపెనీలు, సంఘాలు కలిసి జీతాల మీద కుదుర్చుకునే వేజ్ బోర్డు ఒప్పందం పర్మనెంట్ కార్మికులందరికీ వర్తిస్తుంది. చందా కట్టినవాడికీ కట్టనివాడికీ ఒకటే బేసిక్. తేడా సున్నా అని తేలగానే ‘యూనియన్ దండగ’ అని రాసేస్తారు.

మీరు ఒప్పందం కింద ఉన్నవారిని, దాని బయట ఉన్నవారితో పోల్చండి. ఒకే ఏరియాలో ఒకే పని చేసే పర్మనెంట్ డ్రైవరు, కాంట్రాక్టు డ్రైవరు దొరికితే చాలు. పర్మనెంట్ స్లిప్పులో బేసిక్, వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) మాత్రమే తీసుకుని, ఓవర్‌టైమ్ కొట్టేసి, మిగిలినదాన్ని మస్టర్లతో, అంటే హాజరైన రోజులతో, భాగించండి. కాంట్రాక్టు కార్మికుడి దగ్గర స్లిప్పు ఉండకపోవచ్చు. అప్పుడు బ్యాంకు పాస్‌బుక్కులో పడిన సొమ్ముకు పీఎఫ్ కోత కలిపి, ఎన్ని రోజులు పని చేశాడో అతన్నే అడగండి. కాగితం మీది రోజులు నమ్మవద్దు.

ఏ నెల స్లిప్పు అన్నది చాలా ముఖ్యం. 11వ వేజ్ బోర్డు ఒప్పందం 2021 జూలై 1 నుంచి అమలు. సంతకాలు జరిగింది 2023 మేలో. బేసిక్, వీడీఏ వంటివి కలిపిన మొత్తం మీద 19 శాతం పెంపు వచ్చింది. బకాయిలు పడిన నెల స్లిప్పు పట్టుకుంటే కార్మికులందరూ కోటీశ్వరుల్లా కనిపిస్తారు.

లాభాల వాటా వేరే కాగితం మీద రాయండి. 2024లో పర్మనెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా 5,000 ఇచ్చారు. వాటా ఎంత శాతమో ప్రభుత్వం ప్రకటిస్తుంది కాబట్టి ఆ ఘనత మొత్తం సంఘాల ఖాతాలో వేయకండి.

సభ్యుల సంఖ్య సంఘాలను అడగకండి. అవి చెప్పే అంకెలన్నీ కూడితే గనిలో ఉన్న మనుషులకంటే ఎక్కువ తేలతారు. కార్మికుల తరఫున మాట్లాడే సంఘం ఏదో తేల్చే గుర్తింపు ఎన్నికల్లో పడిన రహస్య ఓట్లు చూడండి. 2023 డిసెంబరులో గెలిచింది ఏఐటీయూసీ అనే సంఘం.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. పర్మనెంట్ కార్మికుడికి సర్వీసు, ఏటేటా ఇంక్రిమెంట్లు ఉంటాయి. తేడా అంతా యూనియన్‌దే అనలేం. అందుకే ఇక్కడి కాంట్రాక్టు కార్మికుణ్ని కేంద్ర ప్రభుత్వ కంపెనీ కోల్ ఇండియాలోని కాంట్రాక్టు కార్మికుడితో మరోసారి పోల్చండి. కోల్ ఇండియాలో వీరికి హైపవర్ కమిటీ (కాంట్రాక్టు కార్మికుల జీతాలు ఖరారు చేసే కమిటీ) వేతనాలున్నాయి. అవే ఇక్కడా ఇవ్వాలని 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేశారు. కోల్ ఇండియా స్లిప్పు కోసం దూరం పోనక్కర్లేదు. చంద్రపూర్ వైపు కోల్ ఇండియా కిందే ఉన్న వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనుల్లో బంధువులున్నవాళ్లు ఇక్కడ ఉంటారు, వాళ్లను అడగండి.