అద్దె ఇంట్లో ఆకుకూరలు: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

సొంతిల్లు వచ్చాక మొక్కలు పెంచుదాంలే అని ఏళ్లకేళ్లు ఆగిపోయేవాళ్లున్నారు. అంత ఆగక్కర్లేదు. ఎండ పడే బాల్కనీలో ఎనిమిది పది టబ్బులుంటే వారానికో పూట ఆకుకూర, కరివేపాకు, పుదీనా కొనే పని తప్పుతుంది. హైదరాబాద్‌లో అద్దెకుంటూ పెంచుతున్నప్పుడు నాకు ఎదురైన ఇబ్బందులు, వాటికి దొరికిన దారులు ఇవి.

ఓనర్ వద్దంటున్నారు

వాళ్ల భయమంతా స్లాబ్ గురించే. నీళ్లు నిలిస్తే చెమ్మ దిగి కింది వాటా సీలింగ్ పెచ్చులూడుతుంది. ఆ భయం న్యాయమైనదే, ముందు దాన్ని తీర్చాలి. మా ఓనర్ ఆంటీ మొదట ససేమిరా అన్నారు. బాల్కనీలోకి పిలిచి ఒక కుండీ ఎత్తి చూపించాను. కింద నాలుగు ఇటుకలు, వాటి మీద ప్లేటు, నేల మాత్రం పొడిగా ఉంది. వేలితో తడిమి చూసుకుని, "ఇట్లయితే పెట్టుకోమ్మా, పైపులోకి మట్టి పోనీయకు" అన్నారు. అందుకే నీళ్లు పోయే తూముకు జాలీ కూడా పెట్టాను.

బరువు సంగతీ చూసుకోండి. 12 అంగుళాల గ్రో బ్యాగ్‌లో 20 లీటర్ల పైనే మట్టి పడుతుంది, తడిస్తే ఒక్కరు ఎత్తలేరు. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సమానంగా కలిపితే బరువు బాగా తగ్గుతుంది. ఆకుకూరలకు 6 అంగుళాల లోతు చాలు. బరువైనవన్నీ గోడ వారగా పెట్టండి.

మొలకలు సన్నగా సాగి వాలిపోతున్నాయి

వెలుగు చాలడం లేదు, లేదా గింజలు ఒత్తుగా పడ్డాయి. తోటకూర గింజలు చాలా సన్నవి, ఇసుకలో కలిపి చల్లితే పలచగా పడతాయి. తోటకూరకు, గోంగూరకు రోజూ నాలుగైదు గంటల ఎండ కావాలి. బాల్కనీ ఉత్తరం వైపుంటే వాటితో కుస్తీ మానేసి పుదీనా, తమలపాకు పెట్టండి.

కంపోస్ట్ బకెట్ కంపు కొడుతోంది

వంటింటి తొక్కలతో మొక్కలకు ఎరువు చేసుకునే బకెట్ ఇది. పక్కింటివాళ్లతో మాట వచ్చేది ఇక్కడే, చాలామంది మానేసేదీ ఇక్కడే. మానకండి. తడి ఎక్కువై గాలి ఆడకపోతే కుళ్లు వాసన వస్తుంది. 20 లీటర్ల పెయింట్ బకెట్‌కు చుట్టూ చిల్లులు పెట్టండి. గుప్పెడు కూరగాయ తొక్కలు వేసినప్పుడల్లా రెండు గుప్పెళ్ల ఎండుటాకులో, కోకోపీటో పైన కప్పి, మూడు రోజులకోసారి కలియతిప్పండి. కొంచెం తీసి పిడికిట్లో గట్టిగా నొక్కితే ఒకటి రెండు చుక్కలకు మించి నీళ్లు రాకూడదు. ధారగా కారితే ఎండుటాకులు ఇంకా వేయాలి. వండిన అన్నం, పెరుగు, చేపముళ్లు అసలు వేయొద్దు. రెండు మూడు నెలలకు నల్లగా పొడిపొడిగా మారి, తొలకరి మట్టి వాసన వస్తుంది. మొదటిసారి ఆ వాసన చూసిన రోజు నాకు ఎంత సంబరమైందో!

మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి

పైకి ముడుచుకుంటే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుంటే నల్లి (మంచాల్లో ఉండేది కాదు, ఆకుల రసం పీల్చే మైట్స్) కావొచ్చు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. వారానికోసారి చొప్పున మూడు సార్లు.

ఇల్లు మారాల్సి వచ్చింది

మనవి 11 నెలల అగ్రిమెంట్లు కాబట్టి ఇది ఎప్పుడైనా రావచ్చు. కరివేపాకు లాంటి ఏళ్ల తరబడి ఉండే మొక్కల్ని మొదటి నుంచీ పిడి ఉన్న బకెట్లలోనే పెంచండి. బయల్దేరే ముందురోజు నీళ్లు పోయకపోతే మోయడం తేలిక. బచ్చలి తీగను మోసుకెళ్లే పనే లేదు, జానెడు కాడలు నాలుగు తడిగుడ్డలో చుట్టుకెళ్లి గుచ్చితే చిగురిస్తాయి. కొత్తింట్లో వారం పాటు నీడలో ఉంచి, తర్వాతే ఎండకు పెట్టండి. పాత ఇంట్లో ఇటుకలు తీసి, నేల కడిగి, ఓనర్ ఎదురుగానే ఫోటో తీసుకోండి. అడ్వాన్స్ లెక్కల దగ్గర పేచీ ఉండదు.